మామదోవ

మా నాయనకు రేకు అంటే గిట్టదు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి ఆయన. అట్లాంటాయన నన్ను తీసుకొచ్చి అనంతపురంలో జింకు రేకుల షాపు ఉన్న ఇంటికి ఇచ్చాడు. ఎందుకిచ్చాడంటే, ఆ డెబ్బైల మొదట్లో మగ్గాలకు పని సరిగ్గా లేదు, పిల్లవాడు బుద్ధిమంతుడు, తల్లీతండ్రీ లేకపోయినా షాపు సొంతం, పైగా మా మేనత్త రెండువైపులా తిరిగి మాట కలిపింది. అన్నీ కుదిరాయి. రేకు ఒక్కటే కుదరలేదు.

అప్పగింతలప్పుడు ఆడపిల్ల తండ్రులు ఏడుస్తారు కదా, మా నాయన ఏడవలేదు. "పట్టింట్లో పుట్టి డబ్బారేకు ఇంటికి పోతాండావు. ఇంగ మోతకు అలవాటు పడు," అన్నాడు. పక్కనే నిలబడి మా ఆయన వింటున్నాడు. విననట్టుగా తల వంచుకుని చెప్పులు వెతుక్కున్నాడు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. అన్నందుకు ఒకరి మీద, ఊరుకున్నందుకు ఒకరి మీద.

మోత మాత్రం నిజమే. ముందు షాపు, వెనక ఇల్లు. చదును రేకును పళ్ళున్న రెండు రోలర్ల మధ్యకు తోసి, చెరో పక్క మనిషి చక్రం తిప్పితే అవతలి వైపు నుంచి అది మడతలు మడతలుగా బయటికి వచ్చేది. వచ్చేటప్పుడు అది పెట్టే కేకకు మొదట్లో నా పళ్ళు జివ్వుమనేవి. అన్నం తింటుంటే కంచం కూడా అదిరేది. ఆ మడతల రేకుతో మావాళ్ళు వేరుశెనగ మిల్లులకు కప్పులు వేసేవారు, గోడలు కట్టేవారు. ఇటుక గోడకు ఓపిక లేని ఆసామి మిల్లుకు ముందువైపు మాత్రం సున్నం కొట్టిన గోడ పెట్టి, దాని మీద లక్ష్మీదేవి బొమ్మ వేయించుకుని, మిగిలిన మూడు వైపులా మా రేకు కొట్టించుకునేవాడు. ఎవరైనా మిల్లును మెచ్చుకోవాలంటే ముందు నిలబడి మెచ్చుకుంటారు. మా పని వెనకవైపు ఎండలో నిలబడి ఉండేది. "మనం ఎనకమాలోళ్ళమ్మే," అనేవాడు మా ఆయన నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

నాకు మగ్గం చప్పుడు మీద బెంగగా ఉండేది. పుట్టింట్లో నేను నిద్ర లేచేది ఆ చప్పుడుతోనే. నాయన గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే నడుము పైభాగమే కనబడేది. చిన్నప్పుడు మా నాయనకు కాళ్ళు ఉన్నాయని నేను అన్నం వేళకు గుర్తు చేసుకునేదాన్నట, అమ్మ చెప్పి నవ్వేది. నేత అయిపోయిన చీరకు షావుకారు గుర్తుగా చిన్న చీటీ కట్టి పంపాలి. సూదీ దారంతో చీటీ కుట్టడం ఆడపిల్లల పని. నేను మొదటిసారి కుట్టినప్పుడు, చీటీ బాగా కనబడాలని కదా, చీర మధ్యలో ఉన్న జరీ పువ్వులోంచి సూది దూర్చాను. నాయన మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. పని మధ్యలో ఆయన లేవడం నేను చూడటం అదే మొదలు.

"పువ్వులో పొడవొద్దు. అంచులో పొడువు," అన్నాడు.

కుట్టు విప్పి, ఆ పువ్వును గోటితో దువ్వి దువ్వి చూశాడు. అంచులో పొడిచిన బొక్క మడతలో కలిసిపోతుంది, పువ్వులో పొడిచిన బొక్క మీదికే చూపు పోతుందని తర్వాత అమ్మ చెప్పింది. మా ఇంట్లో అది శాసనం. అమ్మ తన సొంత చీరకు పిన్నీసు పెట్టుకునేటప్పుడు కూడా ఆయన ఓరకంట చూసేవాడు. ఊళ్ళో వాళ్ళు మా ఇంటికి పేరంటానికి రావాలంటే పిన్నీసులు సర్దుకుని వచ్చేవారని మా మేనత్త ఎగతాళి చేసేది.

పెళ్ళయిన కొన్నాళ్ళకు వేరుశెనగ పంటలు వరసగా ఎండిపోయాయి. ఆకాశం చూసీ చూసీ మెడలు పట్టుకున్నాయి తప్ప చుక్క రాలలేదు. కాయ లేనప్పుడు మిల్లు ఎందుకు, మిల్లు లేనప్పుడు గోడ ఎందుకు? కొత్తగా కట్టే వాళ్ళు కూడా సిమెంటు రేకు వైపు చూస్తున్నారు. చక్రం తిప్పే మనుషులు రోలరు పక్కన కూర్చుని పులీమేకా ఆడుకునే రోజులు వచ్చాయి. షాపులో మోత తగ్గింది. తగ్గాక తెలిసింది, ఆ మోతే మాకు అన్నం పెడుతోందని. నేను తిట్టుకున్న మోత కోసం నేనే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

అప్పుడే మా ఆయన రేకు కొనడానికని బెంగళూరు పోయి, చంకలో గోనెపట్ట చుట్టిన పలక ఒకటి పెట్టుకుని తిరిగొచ్చాడు. ఏదో పాత దొరల బంగళా పడగొడుతుంటే దాని లోకప్పు నుంచి ఊడదీసింది అది. రంగు పెచ్చులు లేచిపోయింది గాని, నడుమ ఒక పెద్ద పువ్వు ఉబ్బెత్తుగా, చుట్టూ తీగ. నేను చెక్క అనుకున్నాను. ఆయన వేలితో కొట్టి చూపించాడు. టంగుమంది.

"రేకే! మన రేకే!" అన్నాడు. చిన్నపిల్లవాడి ముఖం అయింది ఆయనది. "ఇన్నాళ్ళూ మనం బరువుకు అమ్మినామే. ఇంగ చూపుకు అమ్మాల. ఇంటి ఎనకాల గాదు, ముందర కొట్టాల మన రేకు. తలెత్తి చూడాల జనం."

"పువ్వుకున్నవీ రేకులే, నువ్వు అమ్మేవీ రేకులే. ఇన్నాళ్ళకు రెండూ కలిసినాయి," అన్నాను నేను ఆట పట్టించడానికి. ఆయన నవ్వలేదు. ఆ మాట పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

ఆయనకు కావలసింది జనం తలెత్తి చూడటం. నాకు జనంతో పని లేదు. నాకు ఒక్క తల ఎత్తితే చాలు, అది మా నాయనది. ఆయన ఎప్పుడు మా ఇంటికి వచ్చినా షాపులోంచి రాకుండా పక్క సందులోంచి వచ్చేవాడు. అల్లుణ్ణి చూస్తే "రాండి, కూసోండి, బాగుండారా?" అనేవాడు. మర్యాదకు లోటు లేదు. ఆ మర్యాదే మా ఆయనను కాల్చేది. ధర్మవరంలో మా వీధి మామలందరూ అల్లుళ్ళను రారా పోరా అనేవాళ్ళు, మగ్గం దగ్గర కూర్చోబెట్టుకుని భుజం మీద చరిచేవాళ్ళు. "మీ నాయన నన్ను ఊరికొచ్చిన తాసిల్దారును పలకరించినట్ల పలకరిస్తాడమ్మే," అనేవాడు ఈయన. నేను ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్ని. చెప్పేటప్పుడు నా గొంతు నాకే అతకనట్టు ఉండేది.

పువ్వు ఎట్లా ఉండాలో నేను వేశాను. షాపు గచ్చు మీద సుద్దముక్కతో, ముగ్గు వేసినట్టే. నాకు వేరే పువ్వులు రావు, మా నాయన నేసే పువ్వే వచ్చు. ఎనిమిది రేకులు, నడుమ బొట్టు, పువ్వుల వరస కింద గోపురాల అంచు. దాన్ని మావాళ్ళు కాగితం మీదికి ఎక్కించి బెంగళూరులో ఉక్కు అచ్చు చేయించుకొచ్చారు. చేతిపిడి తిప్పితే పైనుంచి దిగే ప్రెస్సు ఒకటి పాతది కొన్నారు. రేకు పెట్టడం, పిడి తిప్పడం, పువ్వు దిగడం. మొదట్లో రేకు చిరిగిపోయేది. చిరిగిన పువ్వులు పెరట్లో కుప్పపడ్డాయి, మా కోళ్ళు వాటి మీద ఎక్కి కూసేవి. పోనుపోను చిరగడం ఆగింది. చదును రేకు మీద పువ్వులు దింపి, పైన ముందుకు వంచి, కింద అంచును గట్టిగా ఉండాలని లోపలికి మడిచి, గోడ నెత్తిన తగిలించేటట్టు పెట్టెలాగా చేశారు. రంగు వేస్తే రాయో, చెక్కో, సిమెంటో తెలిసేది కాదు.

తొలి పని ధర్మవరంలోనే దొరికింది. ఒక ఆసామి కొత్తగా కల్యాణమండపం కట్టిస్తున్నాడు. ముందుభాగం బెంగళూరు మాదిరి ఉండాలని ఆయన పట్టుదల, సిమెంటు పువ్వులు పోయగల మేస్త్రి దొరకలేదు. మా ఆయన పలక చూపించాడు. ఆసామి వేలితో కొట్టి, టంగుమంటే ఉలిక్కిపడి, మళ్ళీ కొట్టి, "కానీప్పా," అన్నాడు. ఇది నిలబడితే మిగతా ఊళ్ళవాళ్ళు వస్తారు. పడిపోతే, మళ్ళీ రోలరు పక్కన పులీమేకానే. అది మాకందరికీ తెలుసు. నాకు ఇంకొకటి కూడా తెలుసు, ఆ మండపం మా నాయన రోజూ పట్టు అంగడికి పోయే దారిలో ఉంది.

మండపం తెరిచిన రోజు మేము పోయాం. లేత పసుపు గోడ నెత్తిన ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మా పువ్వులు, మైలుతుత్తం నీలి రంగులో. దారిన పోయేవాళ్ళు నిజంగానే ఆగి తలెత్తి చూశారు. మా ఆయన ఎదురుగా అంగడి అరుగు మీద కూర్చుని వాళ్ళను చూశాడు. మా నాయనా వచ్చాడు. వచ్చి, నిలబడి, తల ఎత్తాడు. ఆ పువ్వు తనదని ఆయనకు తెలియకుండా ఉంటుందా? నేను పక్కకు పోయి నిలబడ్డాను. నాయన భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"బోజనాలు యాడ పెట్టినారు?" అన్నాడు.

ఆ రోజు పాయసం నాకు దిగలేదు. తిరుగు బస్సులో మా ఆయన కిటికీ వైపు ముఖం పెట్టుకుని, "ఆకలైంటుందిలే, పెద్దాయన," అన్నాడు. ఈసారి సర్దిచెప్పడం ఆయన వంతైంది. మా నాయన మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. కోపం ఉన్నచోటే ఆశ కూడా ఉంటుందని అప్పుడు తెలియదు, ఒట్టి కోపమే అనుకున్నాను.

తర్వాత చాలా నెలలు అందరూ మెచ్చుకుంటూనే ఉన్నారు, ఆయన తప్ప. మండపం ముందు నుంచి రోజూ పోయేవాడట, తల ఎత్తేవాడు కాదట. ఇదంతా అమ్మ చెప్పేది. ఆ యేడు వాన లేదు. మరుసటి యేడు ముంగారు, తొలకరి వానల కాలం, అది కూడా ఎండగట్టింది.

మా తమ్ముడి పెళ్ళి ఆ మండపంలోనే పెట్టుకున్నారు. మగపెళ్ళివారిగా మేము దర్జాగా దిగాం. పొద్దున ముహూర్తం అయిపోయింది. తాళి పడింది, తలంబ్రాలు పడ్డాయి. మొదటి పంక్తి భోజనాలకు కూర్చుంటుండగా పడమట నుంచి మబ్బు లేచింది. మబ్బుకేముంది, మా మీదుగా పోయే మబ్బులు చాలా చూశాం, కర్నాటకంలో కురిసి మాకు నీడ చూపించి పోతాయి. ఎవరూ పట్టించుకోలేదు. కాని ఆ రోజు అది ఆగింది. మన్ను వాసన లేచింది. ఇంతలేసి చినుకులు మొదలై, చూస్తుండగానే ఎదురుగా ఉన్న అంగళ్ళు కనబడనంత వాన.

జనం పంక్తిలోంచి ఎంగిలి చేతులతో లేచి వచ్చి మెట్ల మీద నిలబడ్డారు. ఎంత ఆనందమని! పచ్చి బియ్యం తినే పిల్ల పెళ్ళిలో వాన పడుతుందంటారు కదా, "పెండ్లికూతురు శానా బియ్యం తిన్యాదప్పా!" అని కేకలు. ఆ పిల్ల సిగ్గుపడి, "నేను తినల్యా," అంటే మరీ నవ్వులు. మా నాయన పట్టుపంచె మోకాళ్ళదాకా ఎగగట్టి, చూరు కింది నుంచి చెయ్యి చాపి వాననీళ్ళు పట్టుకుని తాగాడు.

అప్పుడు మా ఆయన పైకి చూశాడు. నేను ఆయన ముఖం చూసి పైకి చూశాను. మా పువ్వుల వరస ముందుకు వంగుతోంది. గోడకూ రేకుకూ మధ్య నుంచి వాన లోపలికి దిగుతోంది. దిగిన నీళ్ళు పోవడానికి దోవ లేదు. కింద లోపలికి మడిచిన అంచు తొట్టిలాగా పట్టి నిలబెట్టింది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నీళ్ళ తొట్టి మా తలల మీద నిండుతోంది.

ఇప్పుడు తలచుకుంటే నవ్వూ వస్తుంది, సిగ్గూ వస్తుంది. అన్నేళ్ళు రేకుల పని చేసిన వాళ్ళం. మడతల రేకుకు ఎవరూ వాన సంగతి ఆలోచించనక్కరలేదు, ఆ మడతలే కాలువలు, నీళ్ళు వాటంతటవే జారిపోతాయి. పువ్వు కోసం మడతలు తీసేశాం. మడతలతో పాటు నీళ్ళదోవ కూడా పోయిందని మాలో ఒక్కరికీ తోచలేదు. గీసిన నాకు, అచ్చు కొట్టిన ఆయనకు, తగిలించిన మేస్త్రికి, తలెత్తి చూసిన ఊరికి, ఎవరికీ. ఇంకో సీమ వాళ్ళు ఇట్లాంటి తప్పు చేయరు. వాన మరిచిపోయిన మనుషులం కాబట్టి మేము చేశాం.

"జరగండి! అందరూ లోపలికి పోండి!" అని మా ఆయన అరిచాడు. వాన చప్పుడులో, నవ్వుల్లో ఎవరికి వినబడుతుంది? మెట్ల నిండా జనం. ముసలివాళ్ళు, చంటిబిడ్డల తల్లులు. పైన ఒక మేకు కిర్రుమని గోడలోంచి జరగడం నాకు కనిపించింది. పందిరి వాళ్ళ నిచ్చెన అక్కడే ఉంది. ఆయన దాన్ని లాగి గోడకు వేసి, సుత్తి, పందిరి మేకు ఒకటి తీసుకుని ఎక్కాడు. నీళ్ళు బయటికి పోతే గాని బరువు తగ్గదు. ఎక్కడో ఒకచోట బొక్క పొడవాలి. చేతికి ఎదురుగా ఉబ్బి ఉన్నది పువ్వే. ఆయన మేకును పువ్వు నడిమి బొట్టు మీద పెట్టాడు. సుత్తి ఎత్తాడు. తాను చేసిన పువ్వును తానే పొడవబోతున్న ఆ ముఖం నేను చూడలేకపోయాను.

"రేయ్!"

అది మా నాయన గొంతు. మగ్గం గుంతలోంచి లేచి వచ్చిన రోజు గొంతు. జనాన్ని తోసుకుంటూ వచ్చి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని, ముఖం మీద వాన కొడుతుంటే తల పైకెత్తి అరిచాడు.

"రేయ్ అప్పా, పువ్వులో పొడవొద్దురా! అంచులో పొడువు! అంచులో!"

మా ఆయన చెయ్యి గాలిలో ఆగింది. కిందికి చూశాడు. తర్వాత మేకును కిందికి దించి, లోపలికి మడిచిన అంచు మీద పెట్టి కొట్టాడు. వేలంత లావున నీళ్ళధార కిందికి దూకింది. అది నేరుగా మా నాయన నెత్తి మీద పడింది. ఆయన జరగలేదు. "ఇంగోటి. ఇంగోటి కొట్టు. ఈ పక్క!" అంటూ నిచ్చెనను తానే జరుపుతూ, ఒక్కొక్క గోపురం సందులో చోటు చూపిస్తూ, మండపం ఆ చివరిదాకా నడిచాడు. అల్లుడు పైన, మామ కింద. వెనకాల ధారలు వరసగా పడుతూ వచ్చాయి. వంగిన రేకు మెల్లగా వెనక్కి తగ్గింది. భోజనాల మధ్యలో లేచిన వాళ్ళంతా ఆ ధారల కింద ఎంగిలి చేతులు కడుక్కున్నారు. మండపం ఆసామి మాత్రం తక్కువా? "కొళాయిలు పెట్టిచ్చినా గదా, సూసినారా?" అని తిరిగాడు.

నేను స్తంభం పట్టుకుని ఏడ్చాను. ఏడుస్తుంటే పెళ్ళిలో ఇదేం శకునమని మా మేనత్త కసిరింది. ఆమెకు ఎట్లా చెప్పాలి? పట్టుచీరకు తప్ప ఇంకే వస్తువుకూ మా నాయన ఆ మాట వాడగా నేను వినలేదు. ఆ రోజు రేకుకు వాడాడు. డబ్బారేకు అనలేదు. పువ్వు అన్నాడు.

ఆ సాయంత్రం బట్టలు ఆరబెట్టుకుంటూ మా ఆయనతో అదే చెప్పబోయాను. ఆయన నన్ను చెప్పనివ్వలేదు. కళ్ళు మెరుస్తున్నాయి. "రేయ్ అన్న్యాడమ్మే! ఇన్న్యావా? మీ నాయన నన్ను రా అన్న్యాడు!" అన్నాడు. ఇద్దరం ఒకే కేక విన్నాం. ఆయన అందులో 'రా' విన్నాడు, నేను 'పువ్వు' విన్నాను.

ఆ తర్వాత మా షాపులో ప్రతి పలకకూ కింది అంచులో బొక్కలు పెట్టడం ఆచారమైంది. "మామ చెప్పిన దోవ విడిచినారా?" అని అడిగేవాడు మా ఆయన పనివాళ్ళను. ఆ మాట నోళ్ళలో నలిగి నలిగి మామదోవ అయింది. లారీకి ఎక్కించే ముందు ఒకరు తప్పకుండా అరిచేవారు, "మామదోవ సూసినావా?" అని. హిందూపురం అంగళ్ళకు, పుట్టపర్తి లాడ్జీలకు, రెండు మూడు సినిమా హాళ్ళకు మా పువ్వులు పోయాయి. తర్వాత కిటికీల మీది గొడుగులు, గాలి జాలీలు, తలుపుల మీది తోరణాలు. రోలరు మూలకు చేరింది. మా పని వెనకమాల నుంచి ముందరికి వచ్చింది. మా నాయన కూడా పక్క సందు మానేసి, షాపులోంచే లోపలికి వచ్చేవాడు. ప్రెస్సు దగ్గర ఆగి, "ఏంరా, యాడికి పోతాండాయి ఇవి?" అని అడిగేవాడు. అడిగి, జవాబు వినకుండానే లోపలికి వచ్చి మజ్జిగ అడిగేవాడు.

నాకు మాత్రం ఆశ తీరలేదు. ఒకసారి విన్నదాన్ని ఇంకొకసారి వినాలనిపించేది. "ఆ పొద్దు నువ్వు పువ్వన్నావు గదా నాయనా," అని చాలాసార్లు తవ్వి చూశాను. "ఏం పువ్వు? వానలో నాకేం గ్యాపకం? రేకనే అనింటా," అనేవాడు. కళ్ళలో మాత్రం ఏదో కదిలేది. ఇంకో వానకు మండపం దగ్గర మళ్ళీ అందరం నిలబడితే అప్పుడైనా అంటాడేమోనని నేను లోపల లోపల వాన కోసం చూశాను. రైతులు చేనుకోసం చూస్తే నేను మాట కోసం చూశాను. అట్లాంటి వాన మళ్ళీ రాలేదు. ఎనభైల నడుమ, నేల నోరు తెరిచిన ఒక ఎండాకాలంలో నాయన పోయాడు. ఆయనను తీసుకుపోయింది కూడా ఆ మండపం ముందు నుంచే. నేను తలెత్తి చూశాను. అంచులో బొక్కలు ఎండిపోయి ఉన్నాయి, ఒక్కొక్కదాని కింద గోడ మీద ఆనాటి నీళ్ళచార సన్నగా మిగిలింది.

ఆ దశాబ్దం చివర్లో పుట్టపర్తిలో మా బంధువుల పని మీద పోయాను. బస్సు దిగి నడుస్తుంటే కొత్తగా కట్టే లాడ్జీ ముందు రేకు పలకలు ఎక్కిస్తున్నారు. మావి కావు. అప్పటికి ఆ పని చేసే షాపులు చుట్టుపక్కల చాలా వచ్చాయి. రంగు వేరు, పువ్వు వేరు. తల నెరిసిన మేస్త్రి ఒకాయన కింద నిలబడి పైవాళ్ళను కేకేస్తున్నాడు.

"మామదోవ సూసినారా? అది సూడకుండా బిగించొద్దండప్పా!"

నా కాళ్ళు ఆగిపోయాయి. దగ్గరికి పోయి అడిగాను, "ఏమన్నా, మామదోవ అంటే ఏంది?"

"నీళ్ళు పొయ్యే బొక్కమ్మా. మా పనోళ్ళ మాట," అన్నాడు.

"మామ అంటే ఎవరు?"

ఆయన తల గోక్కున్నాడు. "ఎవురికి తెల్సమ్మా? మాకు నేర్పిచ్చినాయన అంటాండ్య, మేమూ అంటాండాం. వానదేవుడేమో. ఎప్పుడో ఒకపారి గాని మన పక్కకు రాడు గదా, మామ మాదిరి."

పక్కనున్న వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాలి. కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

"వానదేవుడు కాదన్నా. మా నాయన," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఎండకు తల తిరిగిందనుకున్నాడేమో, "అట్లనామ్మా, నీడకు పోయి కూసో తల్లీ," అని తన పనిలో పడ్డాడు. ఇంకా పైకి ఎక్కించని పలక ఒకటి ఇసుక మీద పడుంది. నేను దాని ముందు గొంతుక్కూర్చుని కింది అంచు తడిమాను. ఎండకు రేకు కాలుతోంది. బొక్క అంచులోనే ఉంది. పువ్వులో ఎవరూ పొడవలేదు.